దుప్పి వెనక

గైడంటే కళ్ళు తెరుచుకుని నోరు మూసుకుని ఉండేవాడని మిలోయ్కా అనుకునేది. తదేయ్ అందుకు సరిగ్గా తలకిందులు. కొండదారిలో జీపు కదిలిన దగ్గర్నుంచి వాగుతూనే ఉన్నాడు. కిందటి వారం ఇటలీ నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు ఎంత పెద్ద దుప్పిని పడగొట్టాడో, అంతకుముందు వచ్చిన ఆస్ట్రియా కాంట్రాక్టరు తనని ఎంతలా మెచ్చుకున్నాడో చెప్పాడు. తన వెంట వేటకి వెళ్ళిన అతిథి ఇంతవరకూ ఒక్కడు కూడా ఉత్త చేతులతో తిరిగి వెళ్ళలేదనీ చెప్పాడు. ఆ చివరి మాట ఆమెకు ఎక్కడో చిన్న ముల్లులా గుచ్చుకుంది. ఒక్కడికీ గురి తప్పకపోవడమేమిటి? నలభై ఏళ్ళుగా తుపాకీ పట్టిన తనే ఎన్నిసార్లు తప్పి, తల వంచుకుని ఇంటికి వచ్చిందో ఆమెకు తెలుసు.

"అబ్బాయ్, కాస్త ఊపిరి తీసుకో. నేనెక్కడికీ పారిపోను," అంది.

తదేయ్ నవ్వాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో, చూడటానికి బాగుంటాడు. టోపీలో అడవికోడి ఈక ఒకటి. "అలవాటమ్మా. వచ్చేవాళ్ళకి కబుర్లు కావాలి కదా."

"నాకొద్దు."

ఆమెది ఆ కొండలకి పడమటనున్న విపావా లోయ. ఆ ఊళ్ళ మధ్య పాల ట్యాంకరు నడిపి రిటైరైంది. అక్కడి కొండల్లో అడవిపందులు, చిన్న జింకలు తప్ప పెద్ద కొమ్ముల దుప్పి కనిపించదు. అందుకని ఆమె వేటసంఘం వాళ్ళు తలో చెయ్యి వేసి, స్నేజ్నిక్ కొండ కింది అడవిలో ఒక మగదుప్పి వేటని ఆమెకు కానుకగా ఇచ్చారు. పరాయి సంఘం అడవిలో గైడు లేకుండా అడుగు పెట్టకూడదు. ఎంత కొమ్ములు తిరిగిన వేటగాడైనా అంతే. దానికి ఆమె ఏమీ నొచ్చుకోలేదు.

వేటబంగళాలో లోవ్రో ఎదురొచ్చాడు. ఆ అడవిలో వేట వ్యవహారాలన్నీ చూసే పెద్దమనిషి ఆయన. ఆమె ఈడువాడే. ముందు పొట్ట వస్తుంది, ఆ వెనక ఆయన వస్తాడు. బేరిపండు సారా పోసి, మొక్కజొన్న ముద్ద, దుప్పి మాంసం కూర, పుల్ల క్యాబేజీ పెట్టించి, ఎదురుగా కూర్చున్నాడు.

"చెప్పండి మిలోయ్కా గారూ. మా నుంచి మీకేం కావాలి? మొహమాటపడకండి."

"రెండే," అందామె. "నేను తుపాకీ ఎత్తినప్పుడు ఆ జంతువు వెనక ఏముందో చెప్పాలి. స్కోపులో కన్ను పెట్టానంటే నాకు అదొక్కటే కనిపిస్తుంది. చుట్టూ చూసే కళ్ళు ఇంకో జత ఉండాలి. గైడుండేది అందుకే. రెండోది, కాల్చాక నిజం చెప్పాలి. తగిలితే తగిలిందని, తప్పితే తప్పిందని. నా మొహం చూసి మాట మార్చకూడదు."

"ఓస్, అంతేనా! పోయిన్నెల ఒకాయనొచ్చాడు. ఆడదుప్పుల్ని పిలిచే మగదుప్పి రంకె పొద్దున తొమ్మిదింటికి పెట్టించండి, అంత తెల్లారగట్ల నేను లేవలేను అన్నాడు."

ముగ్గురూ నవ్వారు. లోవ్రో తదేయ్ భుజం తట్టి, "మావాడివి డేగ కళ్ళు. మీరు నిశ్చింతగా ఉండండి," అన్నాడు.

ఆ సాయంత్రమే బంగళా వెనక చెక్కకి కాగితం అంటించి, తుపాకీ గురి సరిచూసుకోవడానికి ఒక గుండు పేల్చింది. కొత్త అడవికి వెళ్ళినప్పుడు అది రివాజు. తూటా నడిమి చుక్కకి ఇంచుమించు ఆనుకునే తగిలింది. తుపాకీ దించుతుంటే ఎడమచెయ్యి కొద్దిగా వణికింది. ఆమె చెయ్యి ఎప్పుడూ అంతే. పేల్చాక వణుకుతుంది, పేల్చేముందు కాదు. తదేయ్ ఆ వణుకు చూశాడు. చూసి, లోవ్రో వైపు ఒక చూపు విసిరాడు. ఆ చూపు మిలోయ్కా కంట పడింది. పోనీలే, కుర్రవాడు, అనుకుని ఊరుకుంది.

మర్నాడు చీకటి పలచబడుతుండగా ఇద్దరూ భుజాన చెరో తుపాకీతో, బీచ్ అనే ఎత్తైన అడవిచెట్ల మధ్యనుంచి నడిచారు. ఒక సంగతి ఒప్పుకోవాలి. అడవిలోకి అడుగు పెట్టగానే తదేయ్ నోరు మూతపడింది. పుల్ల విరగకుండా అడుగు వెయ్యడం తెలుసు. గాలి ఎటు వీస్తోందో గమనించి దారి మార్చడం తెలుసు. ఆమెకు మోకాలు నొప్పని ఎవరూ చెప్పకుండానే ఏటవాలు దారి వదిలి చుట్టుదారి పట్టాడు. ఫరవాలేదు, వీడికి పని వచ్చు, అని ఆమె మనసు మెత్తబడింది కూడా. తరవాత తలుచుకున్నప్పుడు ఆమెకు ఎక్కువ కోపం తెప్పించింది ఇదే. పని రానివాడైతే సరిపెట్టుకోవచ్చు.

దుప్పి రంకె ముందు దూరంగా, తరవాత దగ్గరగా వినిపించింది. చెట్లు పలచబడిన చోట చిన్న పచ్చిక మైదానం. దాని అంచున పొగమంచులో అది నిలబడి ఉంది. మెడ మీది జూలు తడిసి నల్లగా ఉంది, కొమ్ములకి గడ్డి చుట్టుకుని ఉంది. వయసు మళ్ళిన దుప్పి. వేటలో వెయ్యాల్సింది అలాంటిదాన్నే. కాస్త ఎడంగా రెండు మూడు ఆడదుప్పులు మేస్తున్నాయి. దుప్పి వెనకంతా గుబురు పొదలు.

మిలోయ్కా మూడు కర్రల ఊత నిలబెట్టి తుపాకీ ఆనించింది. తదేయ్ ఆమెకు కుడివైపున నాలుగడుగులు వెనక్కి జరిగాడు. అక్కడ నిలబడితే పొదలు బాగా కనిపిస్తాయి కాబోలు అనుకుందామె. స్కోపులో దుప్పి పక్క పూర్తిగా తిరిగి నిలబడింది.

"వెనక?" అంది పెదాలు కదిలీ కదలకుండా.

"ఖాళీ," అన్నాడు తదేయ్ వెంటనే.

ఆమె ఊపిరి సగం వదిలి ఆపింది. ముందుకాలు వెనకగా, కాస్త కిందకి గురి పెట్టింది. ఊపిరితిత్తుల్లో దెబ్బ. ఆమె ఎప్పుడూ అక్కడే కొడుతుంది. వేలు బిగిస్తోంది. అప్పుడు స్కోపులో దుప్పి ముందుకాళ్ళు రెండూ మడత పడ్డాయి. ఆ తరవాత, రెప్పపాటు తరవాత, ఆమె తుపాకీ పేలింది. వేలు అప్పటికే మీట నొక్కేసింది, వెనక్కి తీసుకోలేకపోయింది. కుడిచెవి గింగుర్లెత్తింది.

మైదానంలో ఆడదుప్పులు చెల్లాచెదురయ్యాయి. మగదుప్పి ఉన్నచోటే కుప్పకూలి ఉంది.

"అద్భుతం! ఒక్క దెబ్బకే!" తదేయ్ పరుగున వచ్చాడు. "ఇలాంటి దెబ్బ నేను చూళ్ళేదమ్మా. కదల్లేదు, మెదల్లేదు!"

మిలోయ్కా తన తుపాకీలోంచి ఖాళీ తొడుగు తీసి జేబులో వేసుకుంది. ఇద్దరూ దుప్పి దగ్గరికి నడిచారు. తదేయ్ దేవదారు కొమ్మ విరిచి దాని నోట్లో పెట్టాడు. చచ్చిన జంతువుకి చివరి కబళం అది. ఇంకో చిన్న రెమ్మ విరిచి గాయం నెత్తుట్లో ముంచి, తన టోపీ తిరగేసి దాని మీద పెట్టి, ఎడమచేత్తో ఆమె ముందు పట్టుకున్నాడు. కుడిచెయ్యి చాచాడు. ఆ రెమ్మ తీసుకుని టోపీకి పెట్టుకుని చెయ్యి కలిపితే, దుప్పిని వేసింది ఆమే అని తేలిపోయినట్టు. ఆ తరవాత ఇంక ఎవరూ ఏమీ అడగరు. అడగకూడదు.

ఆమె రెమ్మ వైపు చూడలేదు. మోకాలు పట్టుకుని వంగి, దుప్పి పక్కన కూర్చుని, బొచ్చులో వేళ్ళు పెట్టి వెతికింది. భుజం ఎముక మీద, పైకి, ఒక రంధ్రం. ఒకటే. ముందుకాలు వెనక, కింద, బొచ్చు చెక్కుచెదరలేదు.

"నీ తుపాకీ ఇలా ఇవ్వు," అంది.

"ఎందుకమ్మా? ముందు రెమ్మ..."

"ఇవ్వమన్నానా."

ఇవ్వక తప్పలేదు. మిలోయ్కా గొట్టం కొస ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇప్పుడే కాలిన మందు వాసన. తుపాకీ తిరిగి అతని చేతుల్లోకి తోసేసింది.

"నేను అక్కడ కొట్టను," అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. "భుజం ఎముక పగలగొట్టి మాంసం పాడు చేసుకునేదాన్ని కాదు. నేను కొట్టిన జంతువు నాలుగు దూకులు దూకి పడుతుంది. ఇలా గోనెసంచిలా కూలదు. నా వేలు నొక్కేలోపే దాని కాళ్ళు మడతపడ్డం ఈ కళ్ళతో చూశాను. ఇప్పుడు చెప్పు. ఎవరు వేశారు దీన్ని?"

తదేయ్ తుపాకీ భుజానికి తగిలించుకున్నాడు. టోపీ ఇంకా అలాగే చేతిలో ఉంది. "ఇద్దరం... దాదాపు ఒకేసారి... మీది కూడా తగిలే ఉంటుంది..."

"ఒక్కటే రంధ్రం ఉంది. కళ్ళు పోయాయా?"

"అమ్మా, ఇది మీ దుప్పే. తీసుకోండి. ఎవరికీ తెలియదు."

ఆ మాటతో ఆమెకు ఒళ్ళు భగ్గుమంది. ఎవరికీ తెలియదట! మరి తను ఎవరు? కోపంతో లేస్తుంటే ఇంకో సంగతి తట్టి, లేచినది లేచినట్టే నిలబడిపోయింది. రంధ్రం ఒక్కటే. తూటాలు రెండు. తన తూటా ఎక్కడికి పోయింది?

పొదల వైపు నడిచింది. తదేయ్ వెనకాలే వచ్చాడు. "మట్టిలో దిగబడి ఉంటుందమ్మా. రండి, లోవ్రో గారు వస్తూ ఉంటారు, ఫోటో తీద్దాం..." ఆమె వినిపించుకోలేదు. పొదల మొదట్లో వంగి ఒక్కో ఆకూ తిప్పి చూసింది. ముందు నాలుగు వెంట్రుకలు దొరికాయి. తూటా కోసిన వెంట్రుకలు. ఆ పక్క ఆకు మీద నెత్తురు, నల్లగా. అందులో నమిలిన పచ్చగడ్డి పిసరు.

పొట్టలో తగిలింది. దుప్పి వెనక, పొదల్లో, ఇంకొకటి నిలబడి ఉంది. మగదుప్పి నిలబడి ఉన్నంతసేపూ దానికి అడ్డంగా ఉంది. అది కూలగానే తూటాకి దారి దొరికింది.

మిలోయ్కా ఆ ఆకు తెంపి తదేయ్ ముక్కు కింద పెట్టింది.

"ఖాళీ అన్నావు."

అతని చూపు ఆకు మీంచి పొదల మీదికి పోయింది.

"వెనక ఏముందని అడిగాను. ఖాళీ అన్నావు. నువ్వు చూశావా అసలు?"

"మంచు..."

"మంచు కాదురా! నీ కన్ను ఎక్కడుంది అప్పుడు? నీ స్కోపులో ఉంది! నీ తుపాకీ ఎత్తిపెట్టుకుని దుప్పి భుజం మీద గురి చూస్తున్నావు. పొదలు చూడమని నేను నిన్ను తెచ్చుకుంటే, నువ్వు నా వెనక నక్కి నా వేట వేటాడుతున్నావు! నీ వేలితో నాకేం పనిరా? నాకు వేళ్ళు లేవా? నీ కళ్ళు కావాలి నాకు. అవే కదా అడిగింది. ఇంకేమైనా అడిగానా నిన్ను?"

తదేయ్ పొదల్లోకి అడుగు వెయ్యబోయాడు. "వెళ్దాం పదండి, వెతుకుదాం," అన్నాడు గొణుగుతున్నట్టు.

"కూర్చో. నీకు ఇది కూడా తెలియదా?"

తెలుసు. పొట్టలో దెబ్బ తిన్న జంతువు వెంట వెంటనే పడకూడదు. వెంటపడితే అది ఆ నొప్పితోనే కొండలు దాటిపోయి ఎక్కడో పడి నిదానంగా చస్తుంది. వదిలేస్తే దగ్గర్లోనే పడుకుంటుంది. అందుకని వేటగాడు కూర్చోవాలి. అక్కడ అది పడే బాధ తెలిసి కూడా ఇక్కడ చేతులు ముడుచుకుని పొద్దెక్కేదాకా కూర్చోవాలి. మిలోయ్కా జీవితంలో మూడోసారి అలా కూర్చుంది. ముందు రెండుసార్లూ తప్పు తనది. నోరు మూసుకుని కూర్చుంది. ఈసారి నోరు మూసుకోవాల్సిన పని లేదు.

"ఎందుకు కాల్చావు?"

"మీ చెయ్యి వణికింది."

"ఎప్పుడు?"

"నిన్న. కాగితం మీద కాల్చినప్పుడు."

"కాల్చాక వణికింది. తూటా ఎక్కడ తగిలిందో చూడలేదా నువ్వు? చూసే ఉంటావు. చూసినా ముసల్ది అనుకున్నావు."

అతను తల దించుకుని గడ్డి పీకుతున్నాడు. "గాయంతో పారిపోతే మంచిదా చెప్పండి? సగం మంది అతిథులకి గురి కుదరదు. జంతువు బాధపడకూడదనే నేను పక్కనుంచి..."

"అయ్యో, ఎంత జాలిగుండె! అక్కడ పొదల్లో పొట్ట చీరుకుని పడున్నదాన్ని అడుగు, నీ జాలి ఎలా ఉందో."

తదేయ్ చేతిలోని గడ్డి పారేశాడు.

"ఆ పళ్ళ డాక్టరు దుప్పి?" అంది ఆమె. "అదీ నీదేనా?"

తదేయ్ టోపీ చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు.

"కాంట్రాక్టరుది?"

"ఆయన సంతోషంతో ఏడ్చాడమ్మా," అన్నాడు తదేయ్. "నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ఇంటికెళ్ళి ఉత్తరం రాశాడు."

"పాపం, గోడకి తగిలించుకుని రోజూ చూసుకుంటూ ఉంటాడు, నీ దుప్పిని. వాడికి వేట రాదు, నాటకం చాలు. నాటకం ఆడుకోండి, మీ ఇష్టం. నేను నాకేం కావాలో నోరు తెరిచి చెప్పానా లేదా? నేను తప్పితే తప్పేదాన్ని. ఉత్త చేతులతో ఇంటికి పోయేదాన్ని. నా తప్పు నాకుండేది. దాన్ని నాకు తెలియకుండా ఎత్తుకుపోయావు నువ్వు. ఈ దుప్పికి నా దెబ్బ తగిలేదో లేదో నాకు ఇంక చచ్చేదాకా తెలియదు. అది నువ్వు తెచ్చిస్తావా?"

తదేయ్ మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. "తగిలేది," అన్నాడు. "మీ నిలకడ నేను చూశాను. తగిలేది."

"నీ మాట నాకెందుకు?" అంది ఆమె.

పొద్దు చెట్ల పైకి వచ్చాక జీపు చప్పుడైంది. లోవ్రో దిగాడు. ఒక చేతిలో సారా సీసా, మెడలో కెమెరా, వెనక సీట్లో మెదా. మెదా నెత్తుటి జాడ పట్టే ఆడకుక్క, వేలాడే చెవులు, దిగులు మొహం.

"అబ్బబ్బ, ఏం దుప్పి, ఏం దుప్పి!" అంటూ వచ్చిన మనిషి ఆమె టోపీ చూసి ఆగాడు. "రెమ్మ పెట్టుకోలేదేం?"

మిలోయ్కా జరిగింది జరిగినట్టు చెప్పింది. చెబుతూ ఆయన మొహంలో ఆశ్చర్యం కోసం వెతికింది. కనిపించలేదు. తదేయ్ మీద విసుగు కనిపించింది, అదీ దొరికిపోయినందుకు.

"తెలుసన్నమాట మీకు," అంది.

లోవ్రో సీసా కింద పెట్టాడు. "మిలోయ్కా గారూ, ఇందులో అంత ఘోరమేముంది చెప్పండి. అతిథి నొచ్చుకోకూడదు, జంతువు నొప్పి పడకూడదు. వాడు మంచి గురికాడు. ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు."

"అడిగే మనుషుల్ని పిలవలేదు మీరు."

"మీ సంఘం వాళ్ళు ముచ్చటపడి పంపించారు. ఇప్పుడు వాళ్ళకి ఏమని చెప్పమంటారు? నా మాట విని ఆ రెమ్మ తీసుకోండి. ఒక్క ఫోటో దిగితే అందరికీ మర్యాదగా ఉంటుంది. ఆ పొదల్లో నెత్తురంటారా, అది ఎప్పటిదో. జతకట్టే కాలంలో మగదుప్పులు పొడుచుకుంటూ ఉంటాయి కదా."

మిలోయ్కా ఆకు ఆయన చేతిలో పెట్టింది. "వాసన చూడండి. చూసి, పాతదని ఇంకోసారి అనండి."

లోవ్రో వాసన చూశాడు. ఎంత చెడినా వేటగాడే. రెండోసారి అనలేకపోయాడు. జీపు దగ్గరికి వెళ్ళి మెదాని దింపి పొడుగు తాడు కట్టాడు.

"వాడి తుపాకీ జీపులో పెట్టించండి," అంది మిలోయ్కా. "జాడ వెంట ఒక్క తుపాకీ చాలు. తూటా నాది. నేనే వస్తాను."

మెదా ముక్కు నేలకి ఆనించి బయల్దేరింది. మైదానం దాటి, రాళ్ళ మధ్యనుంచి, పడిపోయిన చెట్ల కిందనుంచి. లోవ్రో తాడు పట్టుకుని రొప్పుతూ, ఆ వెనక మిలోయ్కా, చివర దుర్భిణితో తదేయ్. ఆమె మోకాలు ప్రతి అడుగుకీ సూది గుచ్చినట్టు నొప్పి పెట్టింది. తదేయ్ ఒకచోట చెయ్యి అందించబోయాడు. ఆమె తీసుకోలేదు, చెట్టు కొమ్మ పట్టుకుని ఎక్కింది. రెండుచోట్ల అది పడుకుని లేచిన గుర్తులు కనిపించాయి. గడ్డి అణిగి ఉంది, నల్లటి నెత్తురు పేరుకుని ఉంది. రెండోచోట మిలోయ్కా ఆగి, గట్టిగా కళ్ళు మూసుకుని తెరిచింది. ఆ కొండల్లో భూమి అక్కడక్కడా గిన్నెలా గుంతపడి ఉంటుంది. అలాంటి ఒక పెద్ద గుంత అంచున మెదా ఆగి, వెనక్కి తిరిగి వాళ్ళ వైపు చూసింది.

అడుగున ఆడదుప్పి పడుకుని ఉంది. బతికే ఉంది. వీళ్ళని చూసి తల ఎత్తింది, లేవబోయింది, లేవలేకపోయింది. దాని వెనక నిలువెత్తు రాయి ఉంది. మిలోయ్కా ఎవరినీ ఏమీ అడగలేదు. తుపాకీ ఎత్తి, మెడ మీద కాల్చింది. తల గడ్డి మీదికి వాలింది.

మెల్లగా గుంతలోకి దిగింది. దేవదారు కొమ్మ తనే విరిచి దాని నోట్లో పెట్టింది. పొట్ట కింద చూసిన లోవ్రో నాలిక కరుచుకున్నాడు. పొదుగు నిండుగా ఉంది.

"దూడ ఉంది దీనికి," అన్నాడు.

ఆ మాట అవసరం లేకపోయింది. గుంత అవతలి వాలు మీద కొమ్మల మధ్యనుంచి అదే వచ్చింది. ఆ వేసవిలో పుట్టిన దూడ. తుపాకీ చప్పుడికి పారిపోయి, తల్లి రాలేదని వెనక్కి వచ్చింది. చెవులు ముందుకి పెట్టి, కిందికి చూస్తోంది.

లోవ్రో గొంతు తగ్గించాడు. "వదలకూడదు. మీకు తెలుసు."

ఆమెకు తెలుసు. వేటగాళ్ళెవరికైనా తెలుసు. తల్లి లేని దూడని మందలో మిగతావి ఉండనివ్వవు, తన్ని తరిమేస్తాయి. మొదటి మంచు పడ్డాక మేత దొరికే చోటు తెలియదు, తెలిసినా దగ్గరికి రానివ్వవు. ఎముకల గూడై, వసంతం రాకముందే ఏ చెట్టు కిందో కూలబడుతుంది. అందుకే తల్లిని వేస్తే దూడని వదలకూడదు. అందుకే అసలు దూడ ఉన్న తల్లిని వెయ్యకూడదు.

మిలోయ్కా తుపాకీలో ఇంకో తూటా వేసి, రాతికి ఆనుకుని గురి పెట్టింది. దూడ పక్కకి తిరిగి నిలబడింది. స్కోపులో దాని మెత్తటి మెడ, పెద్ద చెవులు. దాని వెనక ఆకులు. ఆకుల వెనక ఏముందో ఆమెకు కనిపించలేదు. పొద్దుటిలాంటి గుబురు పొదలే.

తదేయ్ అప్పటికే అంచు మీద ఇంకోవైపుకి పరిగెత్తి, మోకాళ్ళ మీద కూర్చుని దుర్భిణి కళ్ళకి ఆనించాడు. ఈసారి తొందరపడలేదు. ఎడమనుంచి కుడికి, కుడినుంచి ఎడమకి, పొద పొదా వెతికాడు.

"ఏమీ లేదమ్మా," అన్నాడు దుర్భిణి దించకుండానే. "పొదల వెనక మట్టిగట్టే. ఇంకే జంతువూ లేదు. ఒట్టు. కొట్టండి."

ఆమె వేలు మీట మీద ఉంది. దూడ కదలకుండా నిలబడి ఉంది. అంతకంటే మంచి అదను ఉండదు. ఊపిరి సగం వదిలి ఆపింది. వేలు బిగించమని మనసుకి చెప్పింది. పొదల వెనక మట్టిగట్టట. అయి ఉండొచ్చు. ఇంకో దూడ అయి ఉండొచ్చు. ఏ పుట్టగొడుగులు ఏరుకునే మనిషో కూడా అయి ఉండొచ్చు. వేలు కదల్లేదు.

"కొట్టండమ్మా! నిజంగా చూశాను! నిజంగా!"

దూడ ఒక్కసారి ఉలిక్కిపడి, వెనక్కి తిరిగి, పొదల్లోకి దూరి మాయమైంది. కాసేపు కొమ్మలు ఊగాయి. తరవాత అవీ ఆగాయి.

మిలోయ్కా తుపాకీ దించి, తూటా బయటికి తీసింది. చెయ్యి వణకడం లేదు.

"ఏమైంది?" అన్నాడు లోవ్రో. "అంత చక్కగా నిలబడితే... ఎందుకు కొట్టలేదు?"

"మీవాడు ఖాళీ అన్నాడు," అంది ఆమె. "అందుకు."

తదేయ్ గుంతలోకి దిగి వచ్చాడు. అతని మొహం తడిసి ఉంది. నడుము కత్తి తీసి, ఆడదుప్పి పక్కన కూలబడి, పొట్ట చీల్చే పని మొదలుపెట్టబోయాడు. అప్పుడు పైనుంచి, చెట్ల మధ్యనుంచి, దూడ పిలిచింది. సన్నటి గొంతు. ఆగి, ఇంకాస్త దూరం నుంచి, మళ్ళీ పిలిచింది.

తదేయ్ గబగబా కత్తి కదిలించాడు, ఆ చప్పుడులో ఇది వినిపించకూడదన్నట్టు. మిలోయ్కా వంగి అతని మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఆగు. ముందు అది విను," అంది. "ఇది కూడా ఎవరికీ తెలియదని నాకు చెప్పు."